పాత ఫొటోల మరమ్మతుకు గింప్ ఎంతవరకు పనికొస్తుంది?

మా ఇంటి పాత ఫొటోలను బాగుచేయడానికి నేను ఉచితంగా దొరికే గింప్ సాఫ్ట్‌వేర్‌నే వాడుతున్నాను. ఓపిక ఉన్నవారికి ఇది చాలునని నా అభిప్రాయం.

అయితే సగం పని స్కానింగ్‌లోనే తేలిపోతుంది. కోఠిలోని ఒక దుకాణంవారు తాతయ్య పెళ్లి ఫొటోను తక్కువ రిజల్యూషన్‌లో, కొంత వివరాన్ని వదిలేసి ఫైలును చిన్నది చేసే జేపెగ్‌గా స్కాన్ చేసి ఇస్తే, నానమ్మ చీర అంచులోని జరీ మొత్తం ఒకే మచ్చగా కనిపించింది. నలుపు తెలుపు ఫొటో అయినా సరే, 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు), వివరాలు పోకుండా దాచే టిఫ్ ఫైలుగా, కలర్‌లోనే స్కాన్ చేయమని పట్టుబట్టాలి. కలర్ స్కాన్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు పాళ్లు విడివిడిగా ఉంటాయి, వీటినే చానెళ్లంటారు. చెమ్మ తగిలి ఏర్పడిన పసుపు, గోధుమరంగు మరకలు బ్లూ చానెల్‌లో ముదురుగా కనిపిస్తాయి గాని, రెడ్ చానెల్‌లో చాలావరకు కనిపించవు. కలర్స్ మెనూలో చానెళ్లను విడదీసే డీకంపోజ్‌తో ఆ రెడ్ చానెల్ ఒక్కదాన్నే వేరుచేసుకుంటే, మరకలను ఒక్కొక్కటిగా తుడుస్తూ కూర్చునే శ్రమ చాలావరకు తప్పుతుంది. గింప్‌లో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే.

గీతలకు, మడతలకు, పక్కనున్న భాగాన్ని తెచ్చి చుట్టూ ఉన్న రంగులో కలిపేసే హీల్ టూల్ ఉంది. స్టూడియో తెర, గోడ వంటి చోట్ల దీని పనితనానికి వంక పెట్టలేము. కానీ నల్లని జుట్టు తెల్లని తెరను తాకే అంచు దగ్గర అదే టూల్ బూడిదరంగు పులిమినట్టు చేస్తుంది కాబట్టి, అక్కడ ఒకచోటి భాగాన్ని ఉన్నదున్నట్టు మరోచోట అద్దే క్లోన్ టూల్‌ను చిన్న బ్రష్‌తో వాడాలి. ఏ పనైనా అసలు ఫొటో ఉన్న లేయర్‌ను (పొరను) ముట్టుకోకుండా దాని నకలు మీదే చేయడం మేలు. 2025లో వచ్చిన గింప్ 3.0 వెర్షన్‌లో, వెలుగునీడలను సరిచేసే లెవెల్స్, కర్వ్స్ సవరింపులను తరువాత మళ్లీ మార్చుకునే వీలు కల్పించారు. ఇది ఎప్పుడో రావలసిన సౌకర్యం.

ఫోన్లో ఒక్క నొక్కుతో ముఖాలను తేటపరిచే యాప్‌లను మాత్రం నేను నమ్మను. అలాంటి ఒక యాప్ నానమ్మ రెండు ముక్కుపుడకల్లో ఒకదాన్ని తీసేసి, కనుబొమలను సినిమా తారలా దిద్దింది. చెరిగిపోయిన చోట ఏముందో దానికి తెలియదు, ఊహించి గీస్తుంది.

పెద్ద ముక్కే చిరిగిపోయిన ఫొటోలకు నెలనెలా చందా కట్టవలసిన ఫొటోషాప్‌లో, చుట్టూ ఉన్నదాన్ని బట్టి ఖాళీని తానే నింపే కంటెంట్ అవేర్ ఫిల్ త్వరగా పని ముగిస్తుంది. ముఖమే పోయినప్పుడైతే, అదే మనిషి ఫొటో మరొకటి వెంట తీసుకుని, చేయి తిరిగిన స్టూడియో ఆర్టిస్టు దగ్గరికి వెళ్లడం మంచిది.