మెకాంగ్ డెల్టాలో ఒక్కరోజు యాత్ర: పెద్ద పడవ సంగతి సరే, చిన్న పడవ ఎక్కండి

హైస్కూల్లో ఇరవై ఏళ్లుగా డెల్టా పాఠం చెబుతున్నాను. నది పాయలుగా చీలి సముద్రంలో కలవడాన్ని బోర్డు మీద గీయడమే తప్ప, ఆ పాయల మధ్య తిరిగింది మొన్న దసరా సెలవుల్లోనే. వియత్నాంలోని హో చి మిన్ సిటీలో ఒక సంస్థ నడిపే యాత్రలో, మెకాంగ్ డెల్టాలోని బెన్ ట్రెకు మా దంపతులం వెళ్లాం. వ్యానులో సుమారు రెండు గంటలు.

ఈ యాత్రలో పెట్టిన డబ్బుకు మొదటి ఫలితం గైడ్. ఆ అమ్మాయి ఎడమచేతి నాలుగు వేళ్లు చాపి ఒక్కొక్కదాన్నీ తాకుతూ పాయల పేర్లు చెప్పింది: మీ థో, బా లై, హామ్ లువాంగ్, కో చియెన్. వేళ్ల నడుమ మూడు సందులే మూడు పెద్ద లంకలు. బెన్ ట్రె అంటే ఆ లంకలే. నేనెన్నడూ ఇంత తేలిగ్గా చెప్పలేకపోయాను. తర్వాత చిటికెన వేలికి అవతల గాలిలో ఒక చుక్క పెట్టి, "మా ప్రావిన్సు కేంద్రం ఇప్పుడు ఇక్కడ" అంది. 2025 జూలై 1న బెన్ ట్రె, ట్రా విన్ ప్రావిన్సులు రెండింటినీ విన్ లాంగ్ ప్రావిన్సులో కలిపేశారు. దేశం మొత్తం మీద ప్రావిన్సులు, ప్రావిన్సు స్థాయి నగరాలు కలిపి 63 ఉన్నవి 34 అయ్యాయి; జిల్లా అనే అంచెనే తీసేశారు. కింది స్థాయి కార్యాలయం మీద ఇక నేరుగా ప్రావిన్సే. ఈ లంకల వాళ్లు పెద్ద కార్యాలయంలో పని పడితే కో చియెన్ దాటాలన్నమాట. ఇంత మార్పు జరిగినా సంస్థ మా చేతికిచ్చిన పటంలో పాత సరిహద్దులే ఉన్నాయి. భూగోళం చెప్పేవాడిగా నాకది చాలా బాధ కలిగించింది.

పెద్ద మోటారు పడవలో అంతా హడావిడి. తేనె రుచి, పాటలు, దుకాణం, మళ్లీ పడవ. నా లైఫ్ జాకెట్ కొక్కెం విరిగి ఉంది, అడిగాకే మార్చారు. కొబ్బరి మిఠాయి చేసేచోట మాత్రం ఇంకాసేపు ఉండనిస్తే బాగుండేది. కొబ్బరిపాలు, మాల్టు పాకం, పంచదార కలిపి చిక్కబడేదాకా తిప్పుతారు. ముక్కలు కోసి, నోట్లో కరిగిపోయే బియ్యపు పొరలో చుడతారు. వేడివేడి ముక్క పంటికి అతుక్కుంటుంది, కానీ ఆ వాసన!

అసలు ప్రయాణం చిన్న పడవలోనే. మా అమ్మ వయసున్న ఒకావిడ తెడ్డు వేస్తుంటే, రెండు వైపులా నీటి కొబ్బరి మట్టలు తలమీద కలుసుకున్న కాలువలోకి వెళ్లాం. పాటు మొదలై నీళ్లు తీస్తున్నాయి. గట్టున తడి బురద, అందులో వేళ్లు, వేళ్ల కింద చిన్న పీతల బొరియలు. సముద్రపు పోటు ఇంత లోపలికి వస్తుందని నేను పుస్తకంలో చదివినవాణ్నే. ఇక్కడ గట్టు మీద తడి గీత ఎంత ఎత్తున ఉందో చేత్తో తాకి చూశాను. పొడి నెలల్లో నది బలం తగ్గి ఉప్పునీరు పైకి ఎగదన్నుతుంది. 2020లో బెన్ ట్రెలో అత్యవసర పరిస్థితి ప్రకటించింది అందుకే. ఇళ్ల ముందు వరసగా పేర్చిన పెద్ద బానలు వాననీటి కోసమని గైడ్ చూపించింది.

యాత్రలో చిన్న పడవకు కేటాయించింది ఇరవై నిమిషాలే. ఆవిడకు విడిగా రెండు లక్షల డాంగ్‌లు ఇచ్చి మరో అరగంట తిరిగాం. మీరు వెళ్తే ముందే గైడ్‌తో మాట్లాడి ఈ సమయం పెంచుకోండి. ఆరోజు పోటు ఎన్నింటికో కూడా అడగండి. బాగా నీళ్లు తీశాక వెళ్తే చిన్న కాలువల్లో పడవ బురదకు ఆనుతుంది.