ఫస్టియర్ పిల్లలకు జావా మొదలుపెట్టాలంటే బ్లూజే

మా మహబూబ్‌నగర్‌లో డిగ్రీ ఫస్టియర్‌కు వచ్చే పిల్లల్లో చాలామంది చుట్టుపక్కల ఊళ్ల నుంచి, తెలుగు మీడియం నుంచి వస్తారు. మొదటి క్లాసులోనే జావా ప్రోగ్రాము మొదలయ్యే లైను, పబ్లిక్ స్టాటిక్ వాయిడ్ మెయిన్ అని బోర్డు మీద రాస్తే టెన్షన్ పడి బట్టీ కొడతారు, ఆబ్జెక్ట్ అంటే ఏంటో మాత్రం సెమిస్టర్ అయిపోయినా తెలియదు.

బ్లూజే అనేది జావా ప్రోగ్రాములు రాసి నడిపే సాఫ్ట్‌వేర్, దాంట్లో ఆ మెయిన్ లేకుండానే మొదలుపెట్టొచ్చు. ఇది 1999లో ఆస్ట్రేలియాలోని మోనాష్ యూనివర్సిటీలో బోధన కోసమే తయారైంది, పూర్తిగా ఉచితం.

నేను బస్సు అనే క్లాసు రాయిస్తాను. దాని మీద రైట్ క్లిక్ చేసి ఒకటి జడ్చర్ల బస్సు, ఒకటి నారాయణపేట బస్సు అని రెండు ఆబ్జెక్టులు చేస్తే కింద రెండు ఎర్ర డబ్బాలు వస్తాయి, జడ్చర్ల బస్సులో ఎక్కించు అనే మెథడ్‌కు 5 ఇచ్చి, రెండింటినీ లోపలి విలువలు చూపించే ఇన్‌స్పెక్ట్‌లో తెరిచి పక్కపక్కన పెడితే ఒకదాంట్లో ప్రయాణికులు 5, రెండోదాంట్లో 0. క్లాసు ఒక్కటే, ఎవరి లెక్క వాళ్లదే అన్న సంగతి అక్కడ కళ్ల ముందే కనిపిస్తుంది. వెనక బెంచీ పిల్లలు కూడా సీట్లు నిండితే ఏం చేయాలి సార్ అని అడుగుతారు, అప్పుడు షరతు పెట్టే ఇఫ్ చెప్పడం ఎంత హాయో!

బ్లూజే విండోస్ ఇన్‌స్టాలర్‌లోనే జావాకు కావాల్సిన జేడీకే కూడా ఉంటుంది కాబట్టి పెన్‌డ్రైవ్‌తో ల్యాబంతా వేసుకోవచ్చు.

అయితే ఏడాదంతా దీంట్లోనే ఉంచకండి. మెయిన్ రాయడం విడిగా నేర్పించి, ప్రాజెక్టులు పెద్దవయ్యే సరికి ఎక్లిప్స్ అనే పెద్ద సాఫ్ట్‌వేర్‌కు మార్చండి, రాసింది మామూలు జావానే కాబట్టి ఫైళ్లు అక్కడా పనిచేస్తాయి.