కృష్ణపట్నం చుట్టూ నాలుగేళ్లు: లిఫ్టులు, పడవ, ఒక టెంటు

ఈ టెంటు 2022 జనవరిలో కొన్నాను. ఇద్దరు పడుకునేది, రెండు పొరలది, రెండున్నర కిలోల బరువు, ధర 2,600 రూపాయలు. అప్పటి నుంచి ఏటా సంక్రాంతి వెళ్లాక మార్చి దాకా, సెలవు దొరికినప్పుడల్లా, నెల్లూరు నుంచి కృష్ణపట్నం, కొత్తకోడూరు, మైపాడు వైపు దీన్ని వీపున వేసుకుని తిరిగాను. యాభై రాత్రులు దాటాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మాత్రం బయటికి తీయను. మనకు అసలు వానలు ఆ నెలల్లోనే, తుపాన్లూ అప్పుడే.

గుడ్డ ఇప్పటికీ గట్టిగా ఉంది. ముందు పోయింది జిప్పు. ఉప్పుగాలి, సన్న ఇసుక కలిసి రెండో ఏడాదికే బిగుసుకుపోయింది. ఇప్పుడు ఇంటికి రాగానే మంచినీళ్లతో కడిగి, ఆరాక కొవ్వొత్తి రుద్దుతున్నాను. బ్యాగులు కుట్టే ఆయన దగ్గర ఒకసారి మార్పించాక మళ్లీ ఇబ్బంది రాలేదు. ఫైబర్ కడ్డీ ఒకటి చీలింది, దానికి చిన్న పైపు ముక్క తొడిగాను. టెంటుతో పాటు వచ్చిన సన్నటి మేకులు మన ఇసుకకు అస్సలు పనికిరావు. మైపాడులో మొదటి రాత్రే గాలికి అన్నీ ఊడి వచ్చేశాయి. పాత బియ్యం గోతాం కోసి చిన్న సంచులు కుట్టించుకున్నాను. వాటిలో ఇసుక నింపి, తాడు కట్టి, మూరెడు లోతున పూడిస్తే ఎంత గాలికీ కదలవు. ఫిబ్రవరిలో మంచు బాగా కురుస్తుంది. పై పొరకూ లోపలి పొరకూ మధ్య గాలి ఆడకపోతే తెల్లారేసరికి దుప్పటి తడిసిపోతుంది, అందుకే తలుపు సగం తెరిచి దోమతెర ఒక్కటే వేసుకుంటాను. రొయ్యల గుంటల పక్కన, బకింగ్‌హామ్ కాలవ గట్టున మాత్రం పడుకోవద్దు. అక్కడి దోమలకు ఏ తెరా ఆగదు.

టెంటు కన్నా నాకు ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. ఈ తీరంలో ఎవరికీ చెప్పకుండా పడుకోవడానికి ఖాళీ చోటంటూ లేదు. ఖాళీగా కనిపించే సరుగుడు తోపు ఎవరో ఒకరి పంట, పెంచి కర్రకు అమ్ముకుంటారు. కింద రాలిన ఎండుటాకుకు అగ్గిపుల్ల తగిలితే తోపంతా పోతుంది. ఖాళీగా ఉన్న ఇసుక మీద పొద్దున్నే వల లాగుతారు. పోర్టు కంచె చుట్టుపక్కలయితే ఆగడం కూడా కుదరదు, సెక్యూరిటీ వాళ్లు పంపేస్తారు. మొదటి ఏడాది నేనూ ఎవరి కంటా పడకుండా చీకటి పడ్డాక టెంటు వేసేవాణ్ణి. రాత్రంతా టెన్షనే, అడుగుల చప్పుడు వింటే చాలు మెలకువ వచ్చేసేది.

ఒకరోజు సాయంత్రం కోడూరు దగ్గర వల బాగుచేసుకుంటున్న పెద్దాయన నన్ను చూసి పిలిచాడు. "యాడ ఏస్తన్నావు అబ్బయా? రేపు అమావాస్య. ఈడ ఏస్తే తెల్లారేతలికి నీళ్లలో ఉంటావు" అన్నాడు. పోటు ఎక్కడిదాకా వస్తుందో ఇసుక మీద నాచు, గవ్వలు చేరిన గీత చూపించాడు. అది మామూలు రోజుల గీత, పున్నానికి, అమావాస్యకు ఇంకా పైకి వస్తుందని చెప్పి, లాగిపెట్టిన పడవల వెనక చోటు ఇచ్చాడు. మంచినీళ్లు అడిగితే ఇసుకలో తవ్విన చెలమ చూపించాడు. సముద్రం అంత దగ్గరున్నా ఆ నీళ్లు తియ్యగా ఉన్నాయి. వాననీరు తేలిక కాబట్టి ఉప్పునీటి పైన తేలి నిలుస్తుందట. లోతుగా తవ్వితే ఉప్పు తగులుతుంది, అందుకే జానెడు నీరు ఊరగానే ఆపేస్తారు. ఆ రాత్రి మొదటిసారి నిశ్చింతగా నిద్రపోయాను. అప్పటి నుంచి పొద్దు ఉండగానే పట్టపుపాలెం, అంటే చేపలు పట్టేవాళ్ల పల్లె, చేరుకుని, పెద్దలకు చెప్పి, వాళ్లు చూపిన చోటే వేస్తున్నాను. ఇంతవరకు ఎవ్వరూ కాదనలేదు. జనవరి నుంచి మార్చి దాకా తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు వస్తాయి. ఆ రోజుల్లో మంట పెట్టను, టార్చి నీళ్ల వైపు వేయను.

లిఫ్టుల సంగతికి వస్తే, నెల్లూరు నుంచి ముత్తుకూరు దాకా షేర్ ఆటోలు, బస్సులు ఉన్నాయి, అక్కడిదాకా చెయ్యెత్తే పనే లేదు. ఆ తర్వాత బైకులే నాకు ఎక్కువగా ఆగాయి. పోర్టుకు ఖాళీగా పోయే లారీలు కూడా ఆగుతాయి, "యాడికి నా?" అని అడిగి ఎక్కించుకుంటారు. అయితే సరుకు లారీలో బయటివాళ్లను ఎక్కించుకోవడం చట్టం ఒప్పుకోదు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ డబ్బుల దగ్గర డ్రైవరూ మనమూ ఇద్దరం ఇరుక్కుంటాం. అది తెలిశాక లారీ ఎక్కడం మానేశాను. బైకాయన పెట్రోలుకని ఏమీ అడగకపోయినా టీ తాగించకుండా పంపను.

కృష్ణపట్నం నుంచి ఓడ ఎక్కవచ్చా అని చాలామంది అడుగుతారు. అది సరుకుల రేవు, ప్రయాణికుల ఓడలు అక్కడి నుంచి లేవు. అండమాన్ వెళ్లాలంటే చెన్నైకో విశాఖకో పోవాలి. పడవ ప్రయాణం కావాలనుకునేవాళ్లకు నేను చెప్పేది తడ దగ్గర భీమునివారిపాలెం రేవు. 2022లో జిల్లాలు విడదీశాక అది తిరుపతి జిల్లాలోకి పోయింది కానీ మాకు ఇప్పటికీ మన ఊరే. అక్కడి నుంచి ఇరకం దీవికి పులికాట్ మీదుగా పడవ పోతుంది. దీవిలో ఉండేవాళ్లకు అదే బస్సు. బియ్యం మూటలు, గ్యాస్ సిలిండర్లు, బడి పిల్లలు అన్నీ అందులోనే. కాబట్టి సరదాకు వెళ్లే మనం వాళ్లు ఎక్కాకే ఎక్కాలి, మన బ్యాగు వాళ్ల మూటల మీద పెట్టకూడదు. సరస్సు లోతు తక్కువ. నీళ్లు తగ్గినప్పుడు పడవ అడుగు తగిలి ఆగుతుంది, అప్పుడు గెడతో తోస్తారు. దూరంగా ఫ్లెమింగోలు గుంపులుగా నిలబడి కనిపిస్తాయి. చివరి పడవ ఎప్పుడో దిగేటప్పుడే అడిగి పెట్టుకోండి.

ఇదే టెంటు మళ్లీ కొంటానా అంటే కొంటాను, కానీ ఈసారి అల్యూమినియం కడ్డీలు ఉన్నది చూస్తాను. ప్రస్తుతానికి ఇది కడిగి, ఆరబెట్టి అటక మీద ఉంది. సంక్రాంతి వెళ్లగానే దించుతాను.