కలంకారీ తెరపై లియోనార్డో పదపట్టికలు

తిరుపతిలోని ఒక చిన్న కలంకారీ దుకాణంలో లియోనార్డో డావిన్సీ పదపట్టికలను ఎత్తిరాసిన గోడతెరను 4,800 రూపాయలకు కొన్నాను. లియోనార్డో అనగానే బొమ్మలూ యంత్రాలూ గుర్తుకు వచ్చే మనకు, ఆయన పుటల నిండా మాటలనే నిలువు వరుసల్లో పేర్చుకున్నాడన్న సంగతి కొత్తగానే ఉంటుంది. చిన్ననాట లాటిన్ చదువు సరిగా అబ్బని ఆయన, మిలాన్‌లో ఉండగా, సుమారు 1487-1490 మధ్య, పండితులు వాడే లాటిన్ మూలపు మాటలను పుస్తకాల్లోంచి ఏరి వేల సంఖ్యలో రాసుకున్నాడు. 55 ఆకులు మిగిలిన ఆ నోటుపుస్తకం నేడు మిలాన్‌లోని స్ఫోర్జా కోటలో, ట్రివుల్జియానా గ్రంథాలయంలో ఉంది.

ఈ తెరలో ముందుగా మెచ్చుకోవలసింది గీతను. కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ మీద ఇనుప తుప్పునూ బెల్లాన్నీ ఊరబెట్టి తీసిన నల్లరంగుతో రాశారు. పాలలోని కొవ్వు రంగును పాకనివ్వదు కనుక మినపగింజంత అక్షరం కూడా అంచు చెదరకుండా నిలిచింది. ఎడమచేతివాటం గల లియోనార్డో కుడి నుంచి ఎడమకు, అద్దంలో తప్ప సులువుగా చదవరాని తీరున రాసేవాడు. కళాకారుడు ఆ రాతను సరిచేయకుండా అలాగే దించాడు. కలానికి చుట్టిన ఉన్నిలో రంగు తగ్గేకొద్దీ వరుస సన్నబడుతూ వచ్చి, మళ్లీ ముంచగానే బొద్దుగా మొదలైన చోట్లు దగ్గరగా చూస్తే కనిపిస్తాయి. అచ్చువేసిన గుడ్డలో ఇది దొరకదు. శ్రీకాళహస్తి తెరల్లో బొమ్మల పక్కన తెలుగు పద్యాలు రాయడం పాత అలవాటే అయినా, అక్కడ బొమ్మకు తోడుగా నిలిచే అక్షరం ఇక్కడ తెరంతా తానే ఆక్రమించుకుంది.

నాకు నచ్చనిది అంచు. నాలుగు మూలలా మోనాలిసా ముఖం వేశారు. 1503 ప్రాంతంలో మొదలైన ఆ చిత్రానికీ ఈ పట్టికలకూ పొత్తు లేదు. పైగా ఈ నోటుపుస్తకంలోనే వికృత ముఖాల గీతలూ, మిలాన్ ప్రధాన చర్చి గోపురం కోసం వేసిన నమూనాలూ ఉండగా వాటిని ముట్టుకోలేదు. మోనాలిసా లేకపోతే ఇది ఎవరిదో కొనేవారికి తెలియదని దుకాణదారు అన్నారు. అందులో కొంత నిజం లేకపోలేదు. అయితే ఆ పనిని తెరతో ఇచ్చే కాగితం చేయవచ్చు. ప్రస్తుతం దానిలో లియోనార్డో పేరు, ఉతికే విధానం తప్ప ఏ పుస్తకంలోని ఏ పుటను ఎత్తిరాశారో లేదు.

అడిగితే అంచు లేకుండా కూడా చేసిస్తున్నారు. ధర తగ్గించరు, మూడు వారాలు ఆగాలి. కొనదలచినవారు అలాగే చేయించుకోవడం మేలు.