చిలికాలో రెండు పడవలు, ఒక బావ

ఒడిశాలో చిలికా సరస్సు ఒడ్డున, రంభ రేవులో కారు దిగీదిగకముందే ఐదారుగురు చుట్టుముట్టి "డొంగా, డొంగా" అని అరుస్తుంటే, మా అమ్మ చేతిసంచీ గుండెలకు హత్తుకుని "ఎవడ్రా దొంగ?" అంది. ఒడియాలో డొంగా అంటే పడవ. బరంపురంలో పన్నెండేళ్ళుగా నా దగ్గరే ఉంటున్న మనిషి, కూరగాయల బేరం దాటి ఒడియా నేర్చుకోలేదు. నేర్చుకోవాల్సిన అవసరమూ రాలేదు లెండి. 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న గంజాం జిల్లా ఇది. ఇప్పటికీ మా వీధిలో సగం ఇళ్ళలో తెలుగే.

కనుమనాడు కాకైనా కదలదంటారు కాబట్టి ముక్కనుమ వెళ్ళాక బయల్దేరాం. అమ్మ, నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు. విశాఖ నుంచి అక్క, బావ, వాళ్ళ ఇద్దరు పిల్లలు, బావ తమ్ముడు, ఆయన భార్య. మొత్తం పదకొండు మంది, మూడు రోజులు. బావ గోవాలో పడవ ఎక్కారు, పాపికొండలు వెళ్ళారు, కేరళలో పడవలోనే పడుకున్నారు. ఆ ముక్క బరంపురం స్టేషన్లో రైలు దిగినప్పుడే మొదలైంది.

పడవ ఎంచుకోవడం దగ్గరే మొదటి పేచీ. చిలికాలో మామూలుగా దొరికేది నాటుపడవ. పొడుగ్గా ఉంటుంది, రెండు వైపులా బల్లలు, పైన టార్పాలినో రేకో, వెనక డీజిల్ ఇంజను. ఇంజను నుంచి ఒక పొడవాటి రాడ్డు నీళ్ళలోకి వాలి ఉంటుంది, దాని కొసన ఫ్యాను. చెవులు గింగుర్లెత్తే చప్పుడు. రెండోది స్పీడ్‌బోటు. ఫైబరు ఒళ్ళు, వెనక పెట్రోలు ఇంజను, ఆరుగురు పడతారు, ఎండకు అడ్డం ఏమీ ఉండదు. వీటికి తోడు బర్కుల్ రేవులో ప్రభుత్వ పర్యాటక సంస్థ వాళ్ళ లాంచీలు ఉంటాయి. అక్కడ కౌంటర్లో టిక్కెట్టు తీసుకోవడమే, బేరం ఉండదు. బేరం చేతకాని వాళ్ళకు అదే మేలని నా అభిప్రాయం.

నేను పడవ చూసే పద్ధతి వేరు. ముందు అడుగు పలకల కింద నీళ్ళెన్ని ఉన్నాయో చూస్తాను. కాస్త ఉండటం మామూలే, తోడటానికి డబ్బా ఉందా అన్నదే ప్రశ్న. తర్వాత ఇంజను ఆగిపోతే నెట్టుకెళ్ళడానికి గడ ఉందా, అదనంగా డీజిల్ క్యాను ఉందా. చివరికి లైఫ్ జాకెట్లు. రంభలో మాకు మొదట చూపించిన పడవలో జాకెట్లు బల్ల కింద ముద్దగా పడున్నాయి. ఒకటి బయటికి లాగితే ఎండుచేపల వాసన, పట్టీకి క్లిప్పు లేదు. పిల్లల సైజు అసలు లేదు. "ఇక్కడ లోతు నడుము దాకే బాబూ" అన్నాడు పడవాయన. అది చాలాచోట్ల నిజమే కూడా. కానీ 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో లాంచీ మునిగినప్పటి నుంచి అమ్మ జాకెట్టు లేని పడవ ఎక్కదు, ఎవర్నీ ఎక్కనివ్వదు. ఆవిడకున్న ఇంకో షరతు పైకప్పు.

పక్క పడవలో జాకెట్లు దండెం మీద వరసగా ఆరేసి ఉన్నాయి. పడవాయన తెలుగే మాట్లాడాడు. సముద్రం వైపు చేపలు పట్టే మన వాడబలిజలను ఇక్కడ నోలియాలంటారు, వాళ్ళ మనిషి. అదే ఖాయం చేద్దామంటే రేవంతా గొడవ. అక్కడ వంతు పద్ధతి ఉంది, ఇతని వంతు నాలుగోదట. వంతులో ముందున్నతను "వాడి ఇంజను మొన్ననే నడిమధ్యలో ఆగింది" అన్నాడు. ఇతను "వాడికి జాకెట్లే లేవు, చూశారుగా" అన్నాడు. పావుగంట రెండు భాషల్లో సాగి, మేమిచ్చే దాంట్లో కొంత వంతువాడికి ఇచ్చేలా తెగింది. అడిగింది మూడు వేలు, కుదిరింది 2,200. వంతువాడికి ఎంత పోయిందో మాకు చెప్పలేదు.

రంభ వైపు దీవులు దగ్గర దగ్గరగా ఉంటాయి, మూడు గంటలు చాలు. బ్రేక్‌ఫాస్ట్ దీవి మీద ఖల్లికోట రాజులు కట్టించిన బంగళా మొండిగోడలున్నాయి. ఘంటశిల దగ్గర రాతి మీద శంకువు లాంటి స్తంభం ఉంది, కంపెనీ కాలంలో గంజాం కలెక్టరు స్నోడ్‌గ్రాస్ కట్టించాడని చెబుతారు. నాకు మాత్రం చూడాలనిపించింది బర్కుడా దీవి. 1917లో అనండేల్ అనే జంతుశాస్త్రవేత్త కాళ్ళు లేని నలికిరిని ఈ దీవి నుంచే లోకానికి పరిచయం చేశాడు. దాని శాస్త్రీయ నామం బర్కుడియా, దీవి పేరే దానికి పెట్టారు. ఇరవై ఏళ్ళుగా పిల్లలకు జీవశాస్త్రం చెబుతున్నవాణ్ణి, గట్టు మీద రాళ్ళ సందుల్లో తొంగి చూస్తుంటే బావ "ఇంత దూరం వచ్చింది బల్లి కోసమా?" అన్నారు. కనిపించలేదు. అది మట్టిలో దాక్కునే జీవి, మాలాంటి వాళ్ళ కోసం పైకి రాదు.

ఆ రాత్రి బస బర్కుల్ దగ్గరున్న బాలుగావ్ వైపు ఒక ప్రైవేటు లాడ్జిలో. ఏసీ ఉందని రెండుసార్లు చెప్పారు, డబ్బులూ దానికే తీసుకున్నారు. జనవరిలో ఏసీ ఎవరిక్కావాలి, వేణ్ణీళ్ళు కావాలి గానీ. గీజరు పనిచేయలేదు. పొద్దున్నే వంటింట్లోంచి బకెట్టుకు ముప్పై చొప్పున తెచ్చారు. మళ్ళీ వెళ్తే రంభలోనే ఉంటాను. తెల్లారేసరికి నీళ్ళ మీద పొగమంచు, అవతల కొండలు, చప్పుడే ఉండదు. ఎనిమిది దాటితే రాత్రి భోజనం దొరకడం కష్టం, అంతే. బర్కుల్‌లో పడవలెక్కువ, హోటళ్ళెక్కువ, హారన్లూ ఎక్కువే. రెండు చోట్లా పర్యాటక సంస్థ వాళ్ళ పంథనివాస్ బసలున్నాయి. పండగ రోజుల్లో ముందే బుక్ చేసుకోకపోతే మాకు పట్టిన గతే.

బాలుగావ్ పీతల కూర గురించి ఒక్క మాట. బతికున్న పీతను చూపించి, తూచి, ఆవపిండి వేసి వండుతారు. తూకం వేసేటప్పుడే ధర అడగండి. మేం చేతులు కడుక్కున్నాక అడిగాం.

రెండో రోజు కాళీజాయి. ఆ దీవి మీది అమ్మవారి కథ ఇక్కడ ప్రతి పడవవాడూ చెబుతాడు. జాయి అనే పెళ్ళికూతుర్ని తండ్రి పడవలో అత్తారింటికి తీసుకెళ్తుంటే గాలివానకు పడవ తిరగబడింది, పిల్ల దక్కలేదు. ఆ పిల్లే దేవత అయింది. మకర సంక్రాంతికి పెద్ద జాతర జరుగుతుంది. మేం వెళ్ళేసరికి జాతర అయిపోయినా జనం తగ్గలేదు. కథ విని అమ్మ తన జాకెట్టు పట్టీ ఇంకాస్త బిగించుకుంది.

ఆ రోజు బావ నాటుపడవ ఎక్కనన్నారు. స్పీడ్‌బోటు మాట్లాడుకుని తమ్ముణ్ణి, నలుగురు పిల్లల్నీ ఎక్కించుకున్నారు. మిగిలిన ఐదుగురం నాటుపడవలో. "గుడి దగ్గర టీ తాగుతూ ఉంటాం, మెల్లగా రండి" అని చెయ్యి ఊపారు. మా పడవాయనకు ఆ మాట తగిలింది. స్పీడ్‌బోటు వాళ్ళకూ నాటుపడవల వాళ్ళకూ అసలే పడదు. ఆ అలలకు తమ వలల గుంజలు ఊడిపోతున్నాయని వీళ్ళంటారు, దారంతా వలలే పాతేస్తే ఎలా వెళ్ళాలని వాళ్ళంటారు. ఇంజను గొంతు పెంచి తోలాడు. ఏం లాభం, మేం చేరేసరికి బావ దర్శనం చేసుకుని, కొబ్బరిచెక్క కొరుకుతూ గట్టు మీద కూర్చున్నారు. "ఎంతసేపు? నలభై నిమిషాలా?" అని గడియారం చూపించారు. ఒప్పుకోవాల్సిందే, ఆ పూటకు ఆయనే గెలిచారు. పిల్లలు తడిసి ముద్దై, ఇంకోసారి, ఇంకోసారి అని గంతులేస్తున్నారు.

తిరుగు ప్రయాణంలో సగం దూరం వచ్చేసరికి ముందు ఒక బోటు నిలబడి ఉంది. డ్రైవరు వెనక్కి వంగి, చెయ్యి మోచేతి దాకా నీళ్ళలో పెట్టి ఏదో పీకుతున్నాడు. నాచు. చిలికాలో శీతాకాలం నాచు తాళ్ళలా పెరుగుతుంది. ఫ్యానుకు చుట్టుకుంటే ఇంజను మూలిగి ఆగిపోతుంది. దారి తగ్గుతుందని బావ అడ్డంగా పోనిమ్మన్నారట. మా పడవాయన కూడా ఆ నాచులోంచే వచ్చాడు. కానీ చుట్టుకున్నట్టు అనిపించిన ప్రతిసారీ రాడ్డుకు తన చేతిలో ఉన్న కొస కిందికి నొక్కేవాడు, ఫ్యాను నీళ్ళ పైకి లేచి గిర్రున తిరిగి నాచును విదిలించేది, మళ్ళీ దించేవాడు. పొడవాటి ఆ వికారపు రాడ్డు ఎందుకో అప్పుడర్థమైంది.

తాడు వెయ్యమంటే వెయ్యనన్నాడు. "మొన్న మా వాడి వల తెంపింది ఈ బోటే" అన్నాడు. అమ్మ లేచి నిలబడింది, పడవ ఊగింది. "నాయనా, అందులో నా మనవలున్నారు" అంది. అతను ఏమీ అనకుండా తాడు విసిరాడు. గంటన్నర పాటు బావ బోటు మా వెనకాల తోకలా వచ్చింది. పైకప్పు లేదు, మిట్టమధ్యాహ్నపు ఎండ. మా ఆవిడ మధ్యమధ్య వెనక్కి తిరిగి "అన్నయ్యగారూ, టీ తాగుతారా?" అని అరిచింది. అది అనవసరం అనుకోండి, కానీ నేను ఆపలేదు.

మూడో రోజు చిలికా అవతలి ఒడ్డున సాతపడా. హుమ్మ ఉప్పుమళ్ళు దాటి పాలూరు, మాలూదు మీదుగా జన్హికూడ దాకా వెళ్తే, అక్కడ కార్లను కూడా దాటించే ఫెర్రీ ఉంది. గోదావరి మీద పంటు లాంటిదే. పూరీ చుట్టూ తిరిగి వెళ్ళే బాధ తప్పుతుంది. సాతపడాలో ఇరావడి డాల్ఫిన్లుంటాయి. మూతి ముక్కులా సాగి ఉండదు, గుండ్రటి తల. చిలికా మొత్తం మీద 150 అటూ ఇటూ. 2000 సెప్టెంబరులో సముద్రానికి కొత్త ముఖద్వారం తవ్వాక ఉప్పునీళ్ళు మళ్ళీ సరిగ్గా వచ్చి చేపలు పెరిగాయని పడవల వాళ్ళే చెబుతారు.

కానీ చూసే పద్ధతి చూస్తే బాధేసింది. ఒకచోట వీపు కనబడితే చాలు, ఫోన్లు మోగుతాయి, పది పన్నెండు పడవలు నాలుగు వైపుల నుంచీ అక్కడికే దూకుతాయి. ఎవరి జనానికి ముందు చూపించాలా అని పోటీ. ఇంజన్లన్నీ ఒకేసారి మోగితే నీళ్ళ కింద దాని గతేమిటి? మా అతన్ని దూరంగా తీసుకెళ్ళి ఇంజను ఆపేయమన్నాను. "కనబడకపోతే నన్ననొద్దు" అన్నాడు. ఇరవై నిమిషాలు ఊరికే కూర్చున్నాం. అప్పుడు పడవకు పది గజాల్లో, ఉఫ్ అని ముసలివాళ్ళు నిట్టూర్చినట్టు ఊపిరి వినబడింది. బూడిదరంగు వీపు ఒకటి పైకొచ్చి మునిగింది. బావ ఒక్క మాట మాట్లాడలేదు, ఫోనూ తీయలేదు.

ఇసుకదిబ్బ మీద మాత్రం జాగ్రత్త. మన కళ్ళముందే ఆల్చిప్ప పగలగొట్టి ముత్యం తీస్తారు, ఇంకో చిప్పలోంచి పగడం కూడా తీస్తారు. ఆల్చిప్పలో పగడం ఎలా పుడుతుందని అడిగితే మా అక్కకు కోపం వచ్చింది, అప్పటికే బేరం ఐదు వందలకు దిగిందట.

పది రోజుల తర్వాత బావ ఫోన్ చేశారు. భీమిలిలో ఒక సెకండ్‌హ్యాండ్ ఫైబరు బోటు అమ్మకానికి ఉందట, ఎనిమిది మంది పడతారట, కుటుంబానికి సరిగ్గా సరిపోతుందట. నదుల్లో, సరస్సుల్లో తిరిగే ఇంజను పడవకు 2021 ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం కింద సర్వే, రిజిస్ట్రేషను ఉండాలి, ఆ కాగితాలు ముందు చూడండి అన్నాను. నాచు ఉన్నచోట ఆ ఇంజను పనికిరాదన్నాను. "భీమిలిలో నాచెక్కడిది?" అన్నారు. ఫొటో పంపిస్తే అమ్మకు చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని, వేళ్ళతో పెద్దది చేసి, అటూ ఇటూ తిప్పి చూసింది.

"పైకప్పేదిరా?" అంది.