కొబ్బరినూనెనా, స్టెరాయిడ్ క్రీమా? పిల్లల ఎగ్జిమాకు ఏది మేలు?

మా బాబుకి ఇప్పుడు ఐదేళ్లు. ఏడో నెల నుంచి వాడికి ఎగ్జిమా ఉంది, అంటే చర్మం పొడిబారి, ఎర్రబడి, దురదపెట్టే జబ్బు. మొదట బుగ్గల మీద వచ్చింది, తర్వాత మోచేతి మడతల్లోకి, మోకాళ్ల వెనక్కి పాకింది. రాత్రి గోకుడు మొదలైందంటే దుప్పటికి రక్తపు మరకలు అంటేదాకా ఆగదు. ఇంట్లో రెండు మాటలు నడిచేవి. "గానుగ కొబ్బరినూనె రాయమ్మా, ఆ స్టెరాయిడ్ పసివాడికి వద్దు" అని అత్తయ్యగారు. డాక్టరు రాసిన ట్యూబు వాడదామని నేను, అదీ భయపడుతూనే. ఆ భయంతోనే పిల్లల మీద నిజంగా చేసిన పరీక్షలు ఏం తేల్చాయో చదవడం మొదలుపెట్టాను.

నూనె, క్రీము సంగతికి ముందు ఒక మాట. మనం తామర అని రెండు వేర్వేరు జబ్బుల్ని పిలుస్తాం. ఒకటి ఫంగస్ వల్ల వచ్చేది, గుండ్రంగా అంచు కట్టి పాకుతుంది, ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది. రెండోది ఎగ్జిమా, ఇది అంటుకోదు. విశాఖలో చెమటకి మొదటిది చాలా ఇళ్లలో కనిపిస్తుంది. మావారు గాజువాకలో షిఫ్టు డ్యూటీ చేస్తారు. నడుము దగ్గర దురదగా ఉంటే మందుల షాపుకి వెళ్లి "తామరకి ఏదైనా ఇవ్వండి" అన్నారు. చీటీ అడక్కుండానే ఒక ట్యూబు ఇచ్చారు. రెండు రోజుల్లో ఎరుపు తగ్గింది, నెల తిరిగేసరికి మచ్చ అరచేతిని దాటిపోయింది. ఆ ట్యూబులో స్టెరాయిడ్, యాంటీబయాటిక్, ఫంగస్ మందు మూడూ కలిపి ఉన్నాయి. స్టెరాయిడ్ పైన ఎరుపుని, మంటని అణిచేస్తే కింద ఫంగస్ తన పని తాను చేసుకుపోయింది. తర్వాత నెలల తరబడి మాత్రలు మింగాల్సి వచ్చింది. కేంద్రం 2018లో ఇలాంటి స్టెరాయిడ్ క్రీములు చాలావాటిని చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందుల జాబితాలో చేర్చింది. అయినా ట్యూబు మీద క్లోబెటసోల్, బీటామెథసోన్ అనే ఘాటైన స్టెరాయిడ్ల పేర్లు ఉన్నాయేమో మీరే ఒకసారి చూసుకోండి. ఏ తామరో తేలనిదే ఏ మందు మేలని అడగడానికి లేదు.

ఇక నూనె. కొబ్బరినూనె పని చేస్తుందా అంటే చేస్తుంది, దానికి రుజువు కూడా ఉంది. ఫిలిప్పీన్స్‌లో ఒక మోస్తరు ఎగ్జిమా ఉన్న 117 మంది పిల్లల మీద ఎనిమిది వారాల పరీక్ష చేసి 2014లో ప్రచురించారు. సగం మందికి వర్జిన్ కొబ్బరినూనె, సగం మందికి మినరల్ ఆయిల్ (పెట్రోలియం నుంచి తీసే నూనె) రాశారు. జబ్బు తీవ్రత స్కోరు కొబ్బరినూనె రాసినవాళ్లలో సగటున 68 శాతం తగ్గితే మినరల్ ఆయిల్ వాళ్లలో 38 శాతమే తగ్గింది. ఇది చదివి వినిపిస్తే అత్తయ్యగారి మొహం వెలిగిపోయింది. నాకూ సంతోషమే. కానీ ఇక్కడ ఒక్క విషయం పట్టుకోవాలి. ఆ పోటీ రెండు నూనెల మధ్య జరిగింది, నూనెకీ స్టెరాయిడ్‌కీ మధ్య కాదు. "కొబ్బరినూనె ఇంగ్లీషు మందుని మించింది" అని ఫోన్లలో తిరిగే మాటకి ఆ పరీక్షలో ఆధారం లేదు.

అన్ని నూనెలూ ఒకటి కాదు కూడా. బిడ్డ పుట్టగానే చాలామంది బహుమతిగా తెచ్చే ఆలివ్ నూనెనే తీసుకోండి. ఇంగ్లండులో 19 మంది పెద్దవాళ్ల చర్మం మీద పరీక్షించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో ఆలివ్ నూనె చర్మం పై పొరని బలహీనపరిచింది, పొద్దుతిరుగుడు నూనె ఆ నష్టం చేయలేదు. మా ఇంట్లో ఆలివ్ సీసా ఆ రోజే పక్కకి పోయింది.

పై పొర అంత ముఖ్యం ఎందుకో చెప్పాలి. ఫిలాగ్రిన్ అనే ప్రోటీన్ చర్మం పై పొరని గట్టిగా ఉంచి, అందులో తేమ నిలబెడుతుంది. ఆ ప్రోటీన్‌ని తయారుచేసే జన్యువులో లోపం ఉన్నవాళ్లకి ఎగ్జిమా వచ్చే అవకాశం ఎక్కువని 2006లో స్కాట్లాండులోని డండీ విశ్వవిద్యాలయం బృందం చూపించింది. పెంకుటింటి కప్పులో పెంకులు జారితే లోపలి వెచ్చదనం బయటికి పోతుంది, బయటి వాన లోపలికి వస్తుంది కదా, అలాంటిదే. తేమ బయటికి పోతుంది, దుమ్ము, సబ్బు, సూక్ష్మక్రిములు లోపలికి వస్తాయి. అందరి ఎగ్జిమాకీ ఇదొక్కటే కారణం కాదు. కానీ వంకాయ పెట్టావనో, బాలింతగా ఏదో తిన్నావనో తల్లిని నిలదీసే ముందు ఈ సంగతి గుర్తు చేసుకుంటే బాగుంటుంది. నన్ను చాలామంది నిలదీశారు.

రోజూ రాసే మాయిశ్చరైజర్లలో లోషనా, క్రీమా, జెల్లా, ఆయింట్‌మెంటా అన్న ప్రశ్నకి తేలికైన జవాబుంది. ఇంగ్లండులో 550 మంది పిల్లలతో ఈ నాలుగింటినీ పోల్చి 2022లో ఫలితాలు వెల్లడించారు. గుణంలో తేడా ఏమీ రాలేదు. కాబట్టి పిల్లాడు పేచీ పెట్టకుండా రాయించుకునేదే మంచిది. మన ఊళ్లో మే నెలలో చిక్కటి ఆయింట్‌మెంట్ రాస్తే చెమటతో కలిసి వాడికి ఇంకా దురద పుడుతుంది. అందుకే పగలు లోషన్, రాత్రి ఫ్యాన్ కింద మామూలు పెట్రోలియం జెల్లీ. డిసెంబరులో లంబసింగి వెళ్లినప్పుడు మాత్రం ఆ పొడి చలికి లోషన్ రెండు గంటలు కూడా నిలవలేదు, జెల్లీయే కాపాడింది.

డబ్బు ఎక్కడ మిగుల్చుకోవచ్చో కూడా చెప్తాను. అపార్టుమెంటులో బోరు నీళ్లు, గట్టి నీళ్లు, ఆ గట్టిదనం తగ్గించే సాఫ్టెనర్ యంత్రం పెట్టిద్దామని మేం ధరలు కూడా కనుక్కున్నాం. ఇంగ్లండులో 336 మంది పిల్లల ఇళ్లలో ఈ సంగతి పరీక్షించి 2011లో ప్రచురించారు. సాఫ్టెనర్ వల్ల ఎగ్జిమా అదనంగా తగ్గలేదు. స్నానం నీళ్లలో కలిపే నూనెలదీ అదే కథ, 482 మంది పిల్లల మీద చేసి 2018లో చెప్పారు. మా చెల్లెలు కడుపుతో ఉన్నప్పుడు, పుట్టిన రోజు నుంచే క్రీము రాస్తే బిడ్డకి రాకుండా ఆపొచ్చా అని అడిగింది. బ్రిటన్‌లో 1394 మంది శిశువులతో చేసిన పరీక్ష 2020లో ఆపలేమనే చెప్పింది. రెండేళ్ల వయసుకి క్రీము రాసినవాళ్లలో 23 శాతం, రాయనివాళ్లలో 25 శాతం మందికి ఎగ్జిమా వచ్చింది.

ఇప్పుడు స్టెరాయిడ్. నాకు టెన్షన్ అంతా చర్మం పల్చబడుతుందనే. దీనిమీద వచ్చిన పరీక్షలన్నీ కలిపి చూసిన సమీక్ష ఒకటి, కోక్రేన్ అనే అంతర్జాతీయ వైద్య పరిశోధన సంస్థది, 2022లో వచ్చింది. చర్మం పల్చబడటాన్ని గమనించిన 22 పరీక్షల్లో 2266 మంది ఉంటే 26 మందికి అలా అయింది, అంటే నూటికి ఒకరు. వాళ్లలో ఎక్కువమంది బాగా ఘాటైన రకాలు వాడినవాళ్లు. ఆ పరీక్షలు చాలావరకు కొన్ని వారాలవే కాబట్టి ఏళ్ల తరబడి ఆపకుండా రాసుకోమని దీని అర్థం కాదు. రోజుకి రెండుసార్లు రాయక్కర్లేదని, ఘాటైన రకాలైతే ఒక్కసారి చాలని కూడా అదే సమీక్ష చెప్పింది.

తేలికపాటిది ఎక్కువ రోజులా, ఘాటైనది తక్కువ రోజులా? అంత తీవ్రం కాని ఎగ్జిమా ఉన్న 174 మంది బ్రిటన్ పిల్లలతో 18 వారాలు పోల్చి 2002లో ప్రచురించారు. ఒక గుంపు బీటామెథసోన్ మూడు రోజులు, ఇంకో గుంపు ఒక శాతం హైడ్రోకార్టిసోన్ ఏడు రోజులు. గోకుడు లేని రోజులు రెండు గుంపుల్లోనూ దాదాపు సమానం. మా డాక్టరమ్మ మోచేతులకి మూడు రోజుల పద్ధతి చెప్పారు, ముఖానికి మాత్రం ఘాటైనది వద్దన్నారు. కనురెప్పల దగ్గరికి స్టెరాయిడ్ కాని టాక్రోలిమస్ రాశారు. మొదటి రోజుల్లో అది చుర్రుమంటుంది, వాడు ఏడ్చాడు, నాలుగైదు రోజులకి అలవాటైంది. డుపిలుమాబ్ లాంటి ఇంజెక్షన్లు తీవ్రమైన జబ్బుకి ఉన్నాయి గానీ మాకు అంతదాకా రాలేదు.

మా ఇంటి తీరుని మార్చింది మాత్రం వారాంతపు పద్ధతి. జబ్బు అణిగాక కూడా, తరచూ తిరగబెట్టే చోట వారానికి రెండు రోజులు క్రీము రాయడం. కోక్రేన్ సమీక్షలో అలా రాసినవాళ్లలో తిరగబెట్టినది సుమారు 25 శాతం మందికే, రాయనివాళ్లలో 58 శాతం మందికి. నూనెలతో చేసిన ఏ పరీక్షలోనూ నాకు ఇలాంటి అంకె కనిపించలేదు.

అందుకే నా తీర్పు ఇది. చర్మం ఎర్రబడి, గీరుకుపోయి ఉన్నప్పుడు డాక్టరు రాసిన స్టెరాయిడే మేలు, దాన్ని వాయిదా వేసి నూనెతో నెట్టుకురావడం పిల్లాడిని బాధపెట్టడమే. చర్మం శాంతించిన రోజుల్లో గానుగ కొబ్బరినూనె గానీ, జెల్లీ గానీ, మీకు నచ్చింది. ఇప్పుడు స్నానం చేయించగానే ఒంటి తడి పూర్తిగా ఆరకముందే అత్తయ్యగారు నూనె రాస్తారు. శని, ఆదివారాల్లో రాత్రిపూట మడతల్లో నేను క్రీము రాస్తాను. పెద్దవాళ్ల చూపుడువేలి కొన నుంచి మొదటి గీత దాకా ట్యూబు పిండితే వేళ్లతో సహా పెద్దవాళ్ల రెండు అరచేతులంత మేర చర్మానికి సరిపోతుంది, అదే నా కొలత.

పుండు నుంచి రసి కారి పసుపుపచ్చ పొర కడితే, లేదా నీటిపొక్కులు గుంపుగా లేచి జ్వరం వస్తే ఇవేవీ పనికిరావు. ఆ రోజు నూనె సీసా, ట్యూబు రెండూ పక్కన పెట్టి వెంటనే పిల్లాడిని ఆస్పత్రికి తీసుకెళ్లాలి, విశాఖలోని ప్రభుత్వ ఆస్పత్రి కేజీహెచ్ అయినా సరే, దగ్గర్లో ఉన్న చర్మ వైద్యులైనా సరే.