పచ్చ అక్షరాలను నమ్ముకున్న ఎనిమిదేళ్లు

పర్లాకిమిడిలో చిన్న దుకాణాలకు వెబ్‌సైట్లు తయారుచేసి ఇచ్చే నేను వెబ్ ప్రమాణాలను రూపొందించే డబ్ల్యూ3సీ అనే సంస్థ వారి మార్కప్ వాలిడేటర్‌ను ఎనిమిదేళ్లుగా వాడుతున్నాను. వెబ్ పేజీలు రాసే హెచ్‌టీఎంఎల్ అనే కోడ్‌లో వ్యాకరణ దోషాలు ఉన్నాయేమో వెతికి చూపడం దాని పని. తప్పులేమీ లేవని పచ్చరంగులో కనబడే ఆ ఒక్క వాక్యం కోసం ఎన్నో రాత్రులు మేలుకున్నాను. అది కనబడేదాకా ఖాతాదారును డబ్బు అడగవద్దని గుణుపురం, బరంపురం మిత్రులకు ఉపదేశించాను కూడా. ఆ ఉపదేశాన్ని ఇప్పుడు కొంత వెనక్కు తీసుకోవలసి వస్తోంది.

రెండేళ్ల కిందట మా ఊరికి పేరు తెచ్చిన కొమ్ము బొమ్మలు అమ్మే దుకాణానికి ఒక సైట్ చేశాను. మొదటిసారి పరీక్షించగానే వాలిడేటర్ 38 తప్పులు చూపింది. ఫొటోలు, అలంకారపు గీతలు కలిపి చిత్రాలు 38, వాటిలో ఒక్కదానికీ ఆల్ట్ పాఠం, అంటే చిత్రం చూడలేనివారి కోసం కోడ్‌లో రాసే వివరణ, లేదు. అప్పటికే అర్ధరాత్రి దాటింది. అన్నింటికీ ‘చిత్రం’ అన్న ఒకే మాట అతికించి మళ్లీ పరీక్షించాను. పచ్చరంగు వచ్చింది, హాయిగా పడుకున్నాను.

నెల తిరగకముందే టెక్కలి వైపు నుంచి చూపులేని ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు ఫోన్ చేశారు. ఆయన తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడర్‌తో కంప్యూటర్ వాడతారు. “బాబూ, మీ దుకాణంలో ఉన్నదంతా ఒకటే బొమ్మా ఏటి?” అని అడిగారు. కొంగ, రొయ్య, ఏనుగు, దువ్వెన, అన్నీ ఆయనకు ‘గ్రాఫిక్, చిత్రం’ అనే వినబడ్డాయి. అలంకారం కోసం పెట్టిన అంచు గీతలకు ఆల్ట్‌ను ఖాళీగా వదిలితే స్క్రీన్ రీడర్ వాటిని దాటిపోయేది. వాటికీ ‘చిత్రం’ అనే పేరు పెట్టిన ఘనత నాది.

ఆర్డర్ ఫారం దగ్గర ఆయన పూర్తిగా ఆగిపోయారు. ‘పేరు’, ‘ఫోన్’ అన్న మాటలు గడుల పక్కన కంటికి కనబడుతున్నా, వాటిని కోడ్‌లో లేబుల్ అనే గుర్తుతో గడులకు ముడిపెట్టలేదు కనుక ప్రతి గడీ ఆయనకు పేరులేని ఖాళీ గడిగానే వినబడింది. పంపించే బటన్‌ను నేను అందం కోసం అసలు బటన్ కోడ్‌తో కాక ఉత్త డివ్‌తో, అంటే మామూలు పెట్టెతో, చేశాను. మౌస్‌కు స్పందించే ఆ బటన్ దగ్గరకు ట్యాబ్ మీటతో చేరుకోవడమే సాధ్యం కాలేదు. ఇవన్నీ హెచ్‌టీఎంఎల్ వ్యాకరణం ప్రకారం చెల్లేవే కావడంతో వాలిడేటర్ ఒక్కదాన్నీ పట్టుకోలేదు.

నిజానికి అది పట్టుకుంటానని ఎన్నడూ చెప్పలేదు, నేనే అలా అనుకున్నాను. అయినా నా కోపం పోలేదు, ఎందుకంటే ఆల్ట్ ఉందా లేదా అని నిలదీసి, దానిలో ఏముందో అడగకపోవడం వల్లనే ఆ చెత్త మాట 38 చోట్లకు చేరింది. వికలాంగులూ వాడుకోగలిగేలా సైట్లు ఎలా ఉండాలో చెప్పే డబ్ల్యూ3సీ వారి అందుబాటు మార్గదర్శకాల్లో కోడ్ నిర్మాణపు దోషాలను గురించిన 4.1.1 అనే ప్రమాణం 2008 నుంచి ఉండేది. అటువంటి దోషాలను బ్రౌజర్లే సరిదిద్దుకుంటున్నందున 2023 అక్టోబరులో వచ్చిన 2.2 సంచికలో దాన్ని తీసేశారు. నేను రాత్రులు మేలుకున్నదంతా ఎక్కువగా అటువంటి దోషాల కోసమే.

ఇంతమాత్రాన దీన్ని వదిలేయలేదు. కోడ్‌లో ఒక్కో గడికి విడిగా ఉండాల్సిన ఐడీ అనే గుర్తింపు పేరు రెండు గడులకు ఒకటే పడితే లేబుల్ తప్పు గడికి అంటుకుంటుంది, అటువంటివి ఇది క్షణంలో చూపుతుంది. ఒంటరిగా, తక్కువ రుసుముకు పనిచేసే నాబోటివారికి అదీ సాయమే. పరీక్షించడానికి వేరే మనుషులున్న సంస్థలకు దీని అవసరం ఎంతో నేను చెప్పలేను. ఇప్పుడు మాత్రం మౌస్ పక్కన పెట్టి ట్యాబ్ మీటతో ఫారం చివరిదాకా వెళ్లి, తెర ఆపేసి ఎన్‌వీడీఏతో పేజీ మొత్తం విన్న తరువాతే వాలిడేటర్ తెరుస్తున్నాను.

మాస్టారు కిందటి సంక్రాంతికి కొమ్ము కొంగను ఎవరి సాయమూ లేకుండా తెప్పించుకున్నారు. ఆ సైట్ ఒడియా పేజీలో బొమ్మల వివరణలు ఇంకా సగమే రాశాను. వాలిడేటర్ మాత్రం ఆ పేజీకి రెండేళ్ల కిందటే పచ్చరంగు చూపించేసింది.